లీజరు పీరియడు కబుర్లు

మా స్టాఫ్ రూమ్‌లో ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉండే కుర్చీలు, మూలన ఒక ఇనప బీరువా ఉండేవి. బీరువా రెండో తలుపు ఏనాడూ పూర్తిగా తెరుచుకోలేదు, దానికి గ్లోబు అడ్డం. నేను సోషల్ టీచర్ని కాబట్టి గ్లోబు బాధ్యత నాది. "మేడమ్, మీ భూమిని కాస్త పక్కకు జరుపుతారా, రిజిస్టర్లు తీసుకోవాలి" అని ఎవరో ఒకరు అడగడం, నేను లేచి జరపడం. లెక్కల మాస్టారైతే అడిగేవారు కాదు. తనే జరిపేసి, "భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని పిల్లలకు చెబుతారు, ఇక్కడేమో మేం తిప్పుకోవాల్సి వస్తోంది" అని గొణిగేవారు. ఇదేమంత గొప్ప జోకు కాదు. కానీ ఆయన సెలవు పెట్టిన రోజు బీరువా దగ్గరకు వెళ్లినవాళ్లు ఆయన గొంతు అనుకరిస్తూ ఆ మాట అనకుండా వెనక్కి వచ్చేవాళ్లు కాదు.

స్కూలంటే ఏం గుర్తొస్తుందని అడిగినవాళ్లు నేను పిల్లల గురించి మొదలుపెడతానని ఎదురుచూస్తారు. పిల్లలు గుర్తుంటారు, కాదనను. కానీ రిటైరయ్యాక ఊరికే కూర్చున్నప్పుడు ముందుగా మనసులోకి వచ్చేది ఆ బల్ల చుట్టూ కూర్చున్న మనుషులే. వాళ్లే లేకపోతే నేను ఆ ఉద్యోగంలో అన్నాళ్లు నిలబడేదాన్ని కాదు. పిల్లలు చదువు చెప్పించుకున్నారు, చెప్పే ఓపిక మాత్రం నాకు వీళ్ల దగ్గర దొరికింది.

టీచర్ ఉద్యోగంలో ఒక విచిత్రం ఉంది. రోజంతా జనం మధ్యే ఉంటాం, పని మాత్రం ఒంటరిగానే చేస్తాం. క్లాసులోకి వెళ్లి తలుపు దగ్గరకు వేస్తే ఆ గదిలో పెద్ద మనిషి మనమొక్కరమే. నవ్వొస్తే ఆపుకోవాలి, కోపమొస్తే ఎంత చూపించాలో అంతే చూపించాలి, తల పగిలిపోతున్నా పాఠం నడవాలి. మనం కళ్లద్దాలు మార్చినా, గొంతు కాస్త బొంగురుపోయినా ముందు బెంచీ వాళ్లు కనిపెట్టేస్తారు. మనం వాళ్లను చూస్తున్నామని అనుకుంటాం గానీ నిజానికి చూడబడేది మనమే. బెల్లు కొట్టాక స్టాఫ్ రూమ్‌లోకి వచ్చి కుర్చీలో కూలబడినప్పుడు, మొహాన్ని దాని ఇష్టానికి వదిలేయొచ్చు. అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చదవరు. చదివినా పైకి అనరు. అంటే గింటే డ్రిల్ మాస్టారు అనేవారు, "ఎయిత్ బీ నుంచి వస్తున్నారా మేడమ్?" అని. ఎలా తెలిసిందని అడిగితే, "నడకలో తెలుస్తుందండీ. ఎయిత్ ఏ నుంచి వచ్చేవాళ్లు నడుస్తారు, ఎయిత్ బీ నుంచి వచ్చేవాళ్లు తప్పించుకొస్తారు."

నేను నైన్త్ క్లాసు చెప్పే గదికీ, పక్క గదికీ మధ్య గోడ ఉండేది కాదు, చెక్క పార్టిషనే. అవతల తెలుగు మాస్టారు. మనిషి మెత్తన, గొంతు మాత్రం కంచు. ఆయన పద్యం ఎత్తుకుంటే పార్టిషను మేకులు కదిలేవి. నేనేమో ఇటు ఫ్రెంచి విప్లవం చెబుతున్నాను. ఆయన గొంతు పెంచారు, నాకు తెలియకుండానే నేనూ పెంచాను. నేను పెంచానని ఆయన ఇంకాస్త పెంచారు. 1789 జూలై 14న బాస్టిల్ కోట మీద జనం పడ్డారని నేను దాదాపు కేకలు పెట్టి చెప్పాను. కోట మీద పడ్డవాళ్లు కూడా అంత అరిచి ఉండరు. ఆ వారం చివర యూనిట్ టెస్టులో దాని ఫలితం బయటపడింది. మా పిల్లలకు వాళ్ల పద్యం నోటికి వచ్చేసింది, అదీ ప్రతిపదార్థంతో సహా. అవతలి సెక్షన్‌లో ఒకడు "ఈ పద్యంలో కవి తెలిపిన భావమేమి?" అన్న ప్రశ్నకు "స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం" అని రాశాడు.

తెలుగు మాస్టారు ఆ పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. "అమ్మా, వీడికి మార్కులు నేను వేయాలా, మీరు వేస్తారా?"

సైన్స్ మేడమ్ అప్పుడు మాకొక సంగతి చెప్పింది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు గమనించి, 1911లో ప్రచురించాడట. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. "మీ ఇద్దరిదీ తప్పు కాదు, లొంబార్డ్‌ది" అని తీర్పు ఇచ్చింది. అక్కడితో ఆగితే ఆవిడ సైన్స్ మేడమ్ ఎందుకవుతుంది? మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల స్వరతంత్రులు సెకనుకు దాదాపు 200 సార్లు కంపిస్తాయని, కాబట్టి గొంతు జాగ్రత్త అని నాకొక క్లాసు కూడా పీకింది. లెక్కల మాస్టారు పేపర్లోంచి తలెత్తకుండానే, "నలభై నిమిషాలు ఆపకుండా మాట్లాడితే 4,80,000 సార్లు" అన్నారు. కాసేపు ఆగి, "అందులో పిల్లలు విన్నవి ఎన్నో కూడా తెలిస్తే భాగించి చెబుతాను" అన్నారు.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. పద్యం ఎత్తుకునే ముందు ఆయన పార్టిషను మీద రెండుసార్లు తట్టాలి. ఆ పది నిమిషాలూ నేను పిల్లల చేత మ్యాప్ పాయింటింగ్ చేయిస్తాను. అలా తట్టినప్పుడల్లా మా పిల్లలు చెప్పకుండానే మ్యాపులు బయటికి తీసేవారు. మ్యాపులో గంగ ఎక్కడుందో వెతుక్కుంటూ అవతలి పద్యం వినేవారు. నేనూ వినేదాన్ని. నాకు తెలుగు పద్యం మీద కాస్తో కూస్తో ఇష్టం ఏర్పడింది ఆ చెక్క పార్టిషను వెనకే.

ఒకసారి మా అందరికీ ట్రైనింగ్ పెట్టారు. ట్రైనింగుల గురించి ఎక్కువ చెప్పను, వెళ్లినవాళ్లకు తెలుసు, వెళ్లనివాళ్లు అదృష్టవంతులు. కానీ అందులో ఒక విషయం మాత్రం బాగుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో క్లాసు రూముల్లో రికార్డు చేసిన టేపులు విని ఒక సంగతి తేల్చారు. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను ఆగుతున్నారట, అంతే. మూడు సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబులు పొడవుగా వస్తాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారు, 'తెలీదు' అనేవాళ్లు తగ్గుతారు.

మూడు సెకన్లే కదా అనుకున్నాం. చేసి చూస్తే తెలిసింది, క్లాసులో మూడు సెకన్ల నిశ్శబ్దం ఎంత పొడవో. మర్నాడు సైన్స్ మేడమ్ ప్రశ్న అడిగి, లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నిలబడింది. పిల్లలు ఆవిడ వంక చూశారు, ఆవిడ పిల్లల వంక చూసింది. మూడో బెంచీలోంచి ఒక పిల్ల మెల్లగా లేచి, "మేడమ్, ఒంట్లో బాగోలేదా? ఆఫీసు రూమ్ నుంచి ఎవరినైనా పిలుచుకురానా?" అని అడిగింది.

ఆ పద్ధతి క్లాసులో కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. స్టాఫ్ రూమ్‌లో మాత్రం ఆ రోజే అమల్లోకి వచ్చింది. ఎవరైనా సెలవు పెడితే వాళ్ల పీరియడ్లు మిగతావాళ్లకు సర్దుతారు కదా, ఆ అడ్జస్ట్‌మెంట్ పుస్తకం పట్టుకుని అటెండరు గుమ్మంలో కనబడితే చాలు, అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లంతా ఒక్కసారిగా పేపర్లు దిద్దడంలో మునిగిపోయేవారు. ఎర్ర పెన్ను దొరకనివాళ్లు నల్ల పెన్నుతోనైనా దిద్దేవారు. ఓసారి హెడ్ మాస్టారే స్వయంగా వచ్చి, "ఏడో పీరియడు సెవెంత్ సీకి ఎవరు వెళ్తారు?" అన్నారు. ఎవరూ పలకలేదు. ఆయన మళ్లీ అడగబోయారు. "వెయిట్ టైమ్ ఇవ్వండి సార్, మూడు సెకన్లు" అంది సైన్స్ మేడమ్. ఆయనా అదే ట్రైనింగుకు వచ్చారు మరి. నిజంగానే వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. మూడు సెకన్లయ్యాక, "పరిశోధన ప్రకారం ఇప్పుడు మామూలుగా నోరు విప్పనివాళ్లు మాట్లాడాలి" అని లెక్కల మాస్టారి వైపు చూశారు. పాపం ఆయన చాక్‌పీసు పట్టుకుని లేచారు.

లెక్కల మాస్టారి చాక్‌పీసు గురించి ఒక మాట. కొత్త చాక్‌పీసు తీసుకోగానే ఆయన దాన్ని టప్పున మధ్యకు విరిచేవారు. సగం జేబులో, సగం చేతిలో. పొదుపు మనిషని అందరం అనుకునేవాళ్లం. పొడుగు ముక్కతో రాస్తే బోర్డు మీద పట్టుకుని జారుతూ, మళ్లీ పట్టుకుని జారుతూ కీచుమంటుంది, విరిచి కొస దగ్గర పట్టుకుంటే ఆ చప్పుడు రాదు, అదీ సంగతి. ఆ కీచుకు ఆయన ఒళ్లు జలదరిస్తుంది. అంతటి మనిషికి ఇంత చిన్న భయం ఉందని తెలిశాక మాకు ఆయనంటే భయం పోయి ఇష్టం పెరిగింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి తీస్తే ఎప్పుడూ వేళ్లు తెల్లగానే ఉండేవి. ఆ వేళ్లతోనే నుదురు రుద్దుకునేవారు. సాయంత్రానికి నుదుటి మీద గీతలు, ఎన్ని గీతలుంటే ఆ రోజు అన్ని కష్టమైన లెక్కలన్నమాట.

ఇక పేపర్లు దిద్దే రోజులు. పరీక్షలయ్యాక బల్ల మీద బల్ల కనబడకుండా కట్టలు. మార్కులు వెయ్యడం ఒకరు, టోటల్ వెయ్యడం ఇంకొకరు, ప్రోగ్రెస్ కార్డుల్లో ఎక్కించడం మరొకరు. పదో పేపరు దాకా మనిషిగా ఉంటాం, ముప్పయ్యో పేపరుకు మనం ఏం చదువుతున్నామో మనకే తెలీదు. అలాంటప్పుడు ఎవరో ఒకరు "ఇది వినండి" అంటారు. అంతే, పెన్నులన్నీ ఆగిపోతాయి.

తెలుగు మాస్టారి దగ్గర సొంతవాక్యాలు ఉండేవి. వాటికి సాటి వచ్చేది ఇంకే సబ్జెక్టులోనూ లేదు. 'అకస్మాత్తుగా' అన్న పదానికి ఒకడి వాక్యం: మా హెడ్ మాస్టారు అకస్మాత్తుగా నవ్వారు, మేమందరం భయపడ్డాం. 'కాలయాపన'కు: మధ్యాహ్నం బెల్లు తర్వాత మా స్కూల్లో కాలయాపన ఉంటుంది. వ్యతిరేకపదాల్లో 'స్వాతంత్ర్యం'కు ఎదురుగా 'హోమ్ వర్క్'. సెలవు చీటీ రాయమంటే ఒక అమ్మాయి విధేయతకూ జ్వరానికీ చోట్లు తారుమారు చేసి, "నాకు రెండు రోజులుగా విధేయత ఎక్కువగా ఉన్నందున" అని మొదలుపెట్టి "ఇట్లు తమ జ్వరం గల విద్యార్థిని" అని ముగించింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇందులో తప్పేముందమ్మా? విధేయత ఎక్కువైతే సెలవు పెట్టాల్సిందే" అన్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం లెక్కల పేపర్లోది. పైథాగరస్ సిద్ధాంతాన్ని నిరూపించండి అన్న ప్రశ్నకు ఒక కుర్రాడు లంబకోణ త్రిభుజం శుభ్రంగా, స్కేలు పెట్టి గీశాడు. దాని కింద ఇలా రాశాడు: "దీనిని గత మంగళవారం మాస్టారు బోర్డు మీద నిరూపించారు. మేమందరం చూశాం." లెక్కల మాస్టారు చాలాసేపు ఆ పేపరు వంకే చూశారు. మార్కు ఇవ్వాలా వద్దా అని మాలో మాకు పెద్ద చర్చ. సాక్ష్యం ఉంది కదా, వెయ్యండి అని డ్రిల్ మాస్టారు. బొమ్మకు ఒక మార్కు వేసి, మిగతాదానికి పక్కన ఎర్ర పెన్నుతో మాస్టారు రాసింది నేను చూశాను: "సాక్షుల సంతకాలు లేవు."

ఇక్కడొక మాట చెప్పాలి. ఇలా చదివి వినిపించేటప్పుడు పేరు చదవకూడదు. ఎవరూ ఈ నియమం పెట్టలేదు, గోడ మీద రాసి అంటించలేదు, కానీ ఉండేది. పేపరు మొదటి పేజీ వెనక్కి మడిచి, లోపలి పేజీ మాత్రమే చదివేవారు. ఒక సంవత్సరం మా దగ్గరకు కొత్తగా వచ్చినాయన ఒకరు పేరుతో సహా చదివారు, ఆ పిల్లాడి దస్తూరి గురించి, వాళ్ల ఇంటి గురించి కూడా ఏదో అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయన్ని ఎవరూ మందలించలేదు కూడా. తెలుగు మాస్టారు తన కట్ట తీసుకుని దారం ముడి విప్పుకోసాగారు, సైన్స్ మేడమ్ కిటికీ తెరవడానికి లేచింది. నాకు అప్పుడనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది, టీచర్ల గదిలో నవ్వు రెండు రకాలని. ఒకటి పిల్లల మీద ఇష్టం ఉండి నవ్వేది. రెండోది వాళ్ల మీద విసుగు తీర్చుకునేది. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, రెండో రకం విని క్లాసుకు వెళ్తే మాత్రం కాళ్లు బరువెక్కుతాయి. ఆయన నెమ్మదిగా మారారు. తర్వాత్తర్వాత మంచి మంచి జవాబులు ఏరి తెచ్చేవారు, మొదటి పేజీ మడిచి.

ఇంగ్లీషుకు ఒక చిన్నమ్మాయి వచ్చింది, అదే మొదటి ఉద్యోగం. పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి ఆమె మీద గట్టిగా అరిచాడు. అబ్బాయికి మార్కులు తగ్గాయి, తప్పు టీచరుదే, ఇంత చిన్నపిల్లను ఎవరు పెట్టారు అంటూ. అందరి ముందూ. ఆ అమ్మాయి అక్కడ ఏడవలేదు. స్టాఫ్ రూమ్‌కు వచ్చి, కుర్చీలో కూర్చుని, అప్పుడు మొదలుపెట్టింది. మాకందరికీ ఏదో ఒకటి చెప్పాలని ఉంది. "పట్టించుకోకు", "మాకూ ఇలా జరిగింది", ఇలాంటివి. అవి చెప్పబోతున్నాను కూడా.

తెలుగు మాస్టారు నన్ను చేత్తో ఆగమన్నారు. తన దగ్గరున్న పేపర్ల కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టి, "టోటల్ వేసిపెట్టమ్మా, నాకు కళ్లు సరిగ్గా ఆనట్లేదు" అన్నారు. ఆయన కళ్లకేమీ కాలేదు, పొద్దునే వాచీలో సెకన్ల ముల్లు చూసి చెప్పారు. ఆ అమ్మాయి ముక్కు తుడుచుకుని పెన్ను తీసుకుంది. నాలుగు, రెండున్నర, మూడు, ఒకటిన్నర. పెదవులు కదుపుతూ కూడుతోంది. కూడడం మొదలుపెట్టాక ఏడవడం కష్టం, లెక్క తప్పుతుంది. నాలుగైదు పేపర్లయ్యేసరికి ఊపిరి మామూలుగా వచ్చింది. ఒక పేపరు మీద ఓ చుక్క పడి ఎర్ర సిరా పాకింది. మాస్టారు వంగి చూసి, "జాగ్రత్త తల్లీ. వాడికొచ్చినవే ఆరు మార్కులు, అందులో రెండు నీళ్లలో కొట్టుకుపోయాయి" అన్నారు. ఆ అమ్మాయికి ఏడుపులోనే నవ్వొచ్చింది, వెక్కిళ్లు పట్టుకున్నాయి. ఆ వెక్కిళ్లకు మేమందరం నవ్వాం. నవ్వడం చూసి ఆమెకు ఇంకా ఎక్కువయ్యాయి. కట్ట పూర్తయ్యేసరికి లాంగ్ బెల్లు కొట్టారు.

ఆ తర్వాత ఎవరు ఎంత అరిచి వెళ్లినా మా దగ్గర మందు అదే. ఎవరి మొహమైనా ముడుచుకుని కనిపిస్తే పక్కనున్నవాళ్లు ఒక కట్ట ముందుకు తోసేవారు. "టోటల్ వేస్తారా?" అని అడిగితే "ఏం జరిగింది?" అని అడిగినట్టే.

ప్రశాంతత అనగానే నాకు ఇన్విజిలేషన్ గుర్తొస్తుంది. దాన్ని చాకిరీ అనుకునేవాళ్లే ఎక్కువ, నాకు మాత్రం ఇష్టం. పెద్ద హాలు, ఆ చివర డ్రిల్ మాస్టారు, ఈ చివర నేను. గీకే పెన్నుల చప్పుడు, ఫ్యాను చప్పుడు, అప్పుడప్పుడు దొర్లిపడే పెన్సిల్ బాక్సు. మాట్లాడకూడదు, చదవకూడదు, కూర్చోకూడదు. రోజంతా మాట్లాడే మనిషికి మూడు గంటలు మౌనంగా నడిచే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? డ్రిల్ మాస్టారికీ నాకూ ఒక ఆట ఉండేది. ముందుగా అడిషనల్ షీటు ఎవరు అడుగుతారో ఊహించాలి. ఆయన ఆ చివర నుంచి వేళ్లతో వరస, బెంచీ చూపించేవారు, నేను నా లెక్క చూపించేదాన్ని. ఆయన ఎప్పుడూ బాగా చదివే పిల్లల మీద పందెం కట్టేవారు. నేను పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాళ్ల మీద కట్టేదాన్ని. దాదాపు ఎప్పుడూ నాదే గెలుపు. గెలిచినప్పుడు ఆయన ఆ షీటు ఇచ్చి, దారం ఇచ్చి, అవతలి చివర నుంచి బుద్ధిగా నాకు నమస్కారం పెట్టేవారు. పిల్లలు తలెత్తి చూస్తే మళ్లీ మొహం గంభీరం. ఆ హాలులో ఇద్దరు పెద్దవాళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా ఇంత సరదాగా ఉన్నారని ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలీదు.

ఇన్‌స్పెక్షన్ రోజుల గురించి రాయాలంటే వేరే పోస్టు రాయాలి. టీచింగ్ నోట్సు రాత్రికి రాత్రి రాసినవాళ్లు, చార్టులు తలకిందులుగా తగిలించినవాళ్లు, అవన్నీ అన్ని స్కూళ్లలోనూ ఉన్నవే.

ఇవన్నీ ఇంటికి వచ్చి చెప్పేదాన్ని. "ఇవాళ ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టి, మధ్యలోనే నాకు నవ్వొచ్చి, ఎలాగో పూర్తిచేస్తే, ఇంట్లోవాళ్లు మర్యాదకు ఓ చిరునవ్వు నవ్వి "ఊఁ, తర్వాత?" అనేవారు. తర్వాత ఏముంటుంది? అంతే. అక్కడ కుర్చీల్లోంచి పడిపోయేంత నవ్విన మాట ఇక్కడ చప్పగా ఎందుకైపోయిందో అర్థమయ్యేది కాదు. చాలా ఏళ్ల తర్వాత ఒక వ్యాసంలో చదివాను. రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ న్యూరోసైంటిస్టు, ఆయన విద్యార్థులు కలిసి జనం తిరిగే చోట్ల నిలబడి, ఎవరు ఏ మాటకు నవ్వుతున్నారో రాసుకున్నారట. 1990లలో ప్రచురించిన ఆ పరిశోధనలో 1200 నవ్వులు పోగయ్యాయి. వాటిలో జోకులాంటి మాట తర్వాత వచ్చినవి 10 నుంచి 20 శాతమే. మిగతావన్నీ 'ఇక నేను బయల్దేరతాను' లాంటి మామూలు మాటలకే. ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతామని కూడా ఆయన లెక్క కట్టారు. చదవగానే మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను. లెక్కల మాస్టారి జవాబు వెంటనే వచ్చింది: "అయితే నా జోకులు బాగోలేవని శాస్త్రీయంగా తేలిందన్నమాట."

ఆ గ్రూపు ఇంకా నడుస్తోంది. రిటైరైనవాళ్లమే ఎక్కువ, కాబట్టి పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు, మోకాళ్ల నొప్పుల చిట్కాలు. తెలుగు మాస్టారు మాత్రం ఎవరు ఏం పెట్టినా అచ్చుతప్పులు దిద్ది తిరిగి పంపుతారు. ఆయనకు ఫోన్లో ఎర్ర రంగుతో రాయడం ఎవరో నేర్పారు, అప్పటినుంచి మాకు శాంతి లేదు. శుభోదయానికి కూడా పదికి ఆరు వేశారు ఒకసారి.

ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లతో మాట్లాడితే లీజరు పీరియడు అనేది మిగల్లేదంటారు. ఉన్నా ఫోన్లో ఏదో అప్‌లోడ్ చేస్తూ, ఏదో ఫారం నింపుతూ అయిపోతుందట. ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఎవరి స్క్రీను వాళ్లు చూసుకుంటున్నారట. మా రోజులే గొప్పవని అనను, మా రోజుల్లోనూ రాయాల్సిన రిజిస్టర్లకు కొదవ లేదు. కాకపోతే రిజిస్టరు రాస్తూ మాట్లాడొచ్చు, పక్కవాళ్ల మొహం కనబడుతుంది. అప్‌లోడ్ అవుతున్నప్పుడు తలెత్తితే ఎక్కడ ఆగిపోతుందోనని టెన్షన్. టీచర్లకు ఇంకా ఏవేవో సౌకర్యాలు కల్పించాలని పైవాళ్లు అంటూ ఉంటారు. నన్నడిగితే ముందు ఆ పీరియడు వాళ్లకు వదిలిపెట్టాలి. ఏమీ చెయ్యనక్కర్లేని నలభై నిమిషాలు, ఒక బల్ల, కొన్ని కుర్చీలు. కుర్చీలు ఒకే ఎత్తులో లేకపోయినా పర్వాలేదు.

ఆ ఇంగ్లీషు అమ్మాయి, ఇప్పుడు అమ్మాయి కాదు, సీనియర్ టీచర్, ఆమె దగ్గర కొత్తవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. అప్పుడప్పుడు సాయంత్రం ఫోన్ చేస్తుంది. పలకరింపులేవీ ఉండవు. మొన్న కూడా అంతే, "మేడమ్, తెలుగు పేపర్లో సొంతవాక్యం. పదం 'ఓపిక'. వినండి" అంది.

"చదువు."

"'మా టీచరుకి ఓపిక అయిపోయింది రేపు తెచ్చుకుంటది.'"

నవ్వి నవ్వి ఇద్దరికీ మాట రాలేదు. పేరు నేను అడగలేదు, తనూ చెప్పలేదు. కాస్త తేరుకున్నాక, "మార్కు వేశారా లేదా?" అన్నాను.

"తెలుగు మేడమ్ ఆలోచిస్తోంది. 'తెచ్చుకుంటది' అని రాశాడు కదా, 'తెచ్చుకుంటారు' అని ఉండాలి. అర మార్కు కొయ్యమంటారా అని మిమ్మల్ని అడగమంది."

"కొయ్యమను. టీచరుకు గౌరవవాచకం లేకపోతే ఎలా?"

"మరి వాక్యం మధ్యలో కామా కూడా లేదు."

"దానికి కూడా కొయ్యమను. వాడి ఓపికా చూద్దాం."